పళ్ళొచ్చాయే పందిట్లోకి

కిందటి నెలలో మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. భుజాన సంచి, సంచిలో టేప్ రికార్డరు. విశాఖపట్నంలో ఏదో పెద్ద చదువు చదువుతోందట, పాత పెళ్ళిపాటలు పోగు చేస్తోందట. నర్సీపట్నంలో పుట్టి పెరిగిన ముసలివాళ్ళు ఎవరున్నారని వాకబు చేస్తే ఎవరో నా పేరు చెప్పారట. నేనింకా బతికే ఉన్నానని గుర్తున్నవాళ్ళు ఉన్నందుకు సంతోషించి కాఫీ ఇచ్చాను. ఆ పిల్ల మర్యాదస్తురాలు. నా మోకాళ్ళ నొప్పుల కథ అంతా విని, మిషను బయటికి తీసి, "మామ్మగారూ, మీ వైపు ఒక పాట ఉందండీ. రోలుగుంటలో పాడారు, నాతవరంలో పాడారు, యలమంచిలిలో అయితే చప్పట్లు కొట్టి మరీ పాడారు. మొదటి రెండు పాదాలూ అందరికీ వచ్చు. తరవాతివి ఒక్కొక్కరూ ఒక్కోలా పాడుతున్నారు. మీకు అసలుది తెలుసేమోనని వచ్చాను" అంది. ఏ పాట అన్నాను. తనే నవ్వుతూ ఎత్తుకుంది. "పళ్ళొచ్చాయే పందిట్లోకి, పిల్లేదమ్మా? పట్టపగలు దీపమెట్టి వెతకండమ్మా!" గొంతు బాగుంది. నాకు మాత్రం చేతిలో కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నా గొంతు బాగాలేదనీ, మరోసారి రమ్మనీ చెప్పాను. "ఎవరు కట్టారో కూడా తెలీదటండీ. ఎంత సరదాగా ఉంటుందో! అప్పట్లో మనుషులకి మనసులు పెద్దవి. ఎవరు ఏమన్నా నవ్వేసి ఊరుకునేవారు, ఇప్పట్లా ప్రతిదానికీ నొచ్చుకునేవారు కాదు కదండీ" అంటూ వెళ్ళిపోయింది.

ఆ పాట కట్టింది నేను. నాకప్పుడు పదకొండో పన్నెండో ఏళ్ళు. తరవాత పుస్తకాలు రాశాను, కథలు రాశాను, రెండు శాలువాలు కప్పించుకున్నాను. వాటిలో ఒక్క వాక్యం అప్పచెప్పగలిగిన మనిషి ఈ లోకంలో నాకు ఇంతవరకూ తగల్లేదు. జనం నోట నిలిచింది మాత్రం ఆ పాటే. రాసేవాళ్ళకి అంతకంటే ఏం కావాలని ఎవరైనా అంటే నేనేం చెప్పను? ఆ అమ్మాయి వెళ్ళిన దగ్గర్నుంచీ నాకు అన్నం సయించడం లేదు. చెప్పుకోవలసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు గనక కాగితానికి చెప్పుకుంటున్నాను.

మా నాన్నగారు నర్సీపట్నం బోర్డు స్కూల్లో తెలుగు చెప్పేవారు. పెదనాన్నగారు తాలూకా కచేరీలో గుమాస్తా. రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో ఉండేవి. ఇంటికి పేరుకి యజమాని పెదనాన్నగారు గాని, నడిపేది ఆయన భార్య, మా దొడ్డ. ఎత్తైన మనిషి, చెవులకి దుద్దులు, నోట్లో ఎప్పుడూ లవంగం. ఆవిడ ఒక గదిలోంచి వెళ్ళిపోయాక కూడా ఆ లవంగం వాసన కాసేపు అక్కడే ఉండేది. ఊళ్ళో ఏ పెళ్ళి జరిగినా వియ్యాలవారిని ఆడిపోసుకునే పాటలకి మా దొడ్డనే పిలిచేవారు. అవతలివారి పుట్టుపూర్వోత్తరాలు కనుక్కుని, నాలుగు రోజుల్లో పాటలు కట్టి, అయిదు రోజుల పెళ్ళిలో వాళ్ళని ఉతికి ఆరేసేది. వియ్యపురాలి నడక, వియ్యంకుడి పొడుం, పెళ్ళికొడుకు పిలక, దేన్నీ వదిలేది కాదు. ఆ అయిదు రోజులూ పాటలో ఎవరేమన్నా కోపం తెచ్చుకోకూడదు, అది కట్టుబాటు. కోపం వస్తే మళ్ళీ పాటలోనే జవాబు చెప్పాలి. మిగిలిన ఏడాదంతా మగపెళ్ళివారి ముందు నోరెత్తడానికి లేని ఆడవాళ్ళకి ఆ అయిదు రోజులే దొరికేవి. ఒక పెళ్ళిలో ఒక జమీందారీ ఉద్యోగి మీసాల మీద దొడ్డ పాడితే, ఆయన పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, "ఇంకోసారి పాడండమ్మా" అని అడగడం నా కళ్ళతో చూశాను. ఆ పాటల్ని నేను ఈనాటికీ తప్పు పట్టలేను.

మా పెరటి వసారాలో మధ్యాహ్నాలు అడ్డాకుల వాసన వేసేది. మన్యం నుంచి ఆకు మోపులు దించుకుని, నీళ్ళు చల్లి, రాళ్ళ బరువు పెట్టి అణచి, చీపురుపుల్లలతో విస్తళ్ళు కుట్టేవాళ్ళం. తడి ఆకు వాసనలో కొంచెం పచ్చి చింతకాయ వాసన, కొంచెం వాన వాసన ఉంటాయి. ఆ మోపులు తెచ్చేది కొండ మీది మనిషి ఒకామె. ముక్కుకి మూడు పోగులు వేసేది, జుట్టు పక్కకి ముడి, నల్లని నునుపైన ఒళ్ళు. తలమీద మోపుతో కొండ దిగి కోసులు నడిచి వచ్చి కూడా అలిసినట్టు కనపడేది కాదు. ఆమె పేరు మేమెవ్వరం ఎప్పుడూ అడగలేదు. అడ్డాకులది అనేవాళ్ళం. ఆమె మాట్లాడే తీరుని నేను అచ్చంగా దించేదాన్ని. మోపు దించేటప్పుడు ఆమె ఊపిరి వదలడం, "తీసుకోండమ్మోయ్" అని చివర సాగదీయడం, నడుం మీద చెయ్యి వేసి నిలబడడం. ఇంటికి ఎవరొచ్చినా "ఏదీ, అడ్డాకులది ఎలా మాట్లాడుతుందో చూపించవే" అనేవారు. చూపించేదాన్ని. నాన్నగారు పద్యాలు నేర్పితే రాని మెప్పు ఆ వేషానికి వచ్చేది. నాకు నవ్వించడం వచ్చునని నాకు అప్పుడే తెలిసింది.

దొడ్డ విస్తళ్ళు కుడుతూ పాటలు కట్టేది. నేను పక్కన కూర్చుని మాటలు అందించేదాన్ని. ఆవిడకి చదువు లేదు గాని ఆ విద్యలో ఆవిడకి నియమాలుండేవి. "వరస చూసుకోవాలే పిల్లా. వదినా మరదలా, బావా మరిదా, వియ్యాలవారా, చూసుకో. వరస లేనివాళ్ళని అన్నావంటే అది పాట కాదు, తిట్టు. వరసున్నా సరే, మొగుడు పోయినదాన్ని అనీకు. కడుపుతో ఉన్నదాన్ని అనీకు. కాపరానికి వెళ్ళని పిల్లనయితే అసలే అనీకు. దాని అత్తారు ఏ మూల కూర్చుని వింటారో మనకేటి తెలుసు?" అని చెప్పేది. నాకు నూరుసార్లు చెప్పి ఉంటుంది. ఇంకెవరినీ అనలేక చచ్చినట్టు పెద్దవాళ్ళనే అనాలంటే ఏం సరదా అని నేను మనసులో అనుకునేదాన్ని.

నా తోడబుట్టిన వరాలక్క పెళ్ళి యలమంచిలివారితో కుదిరింది. అక్కకి పదమూడు. దొడ్డ వెంటనే కూపీలు తీయడం మొదలుపెట్టింది. అటువైపు ఊళ్ళు తిరిగే గాజులతను ఒకడు మా ఇంటికి వస్తూండేవాడు. అతన్ని పీట వేసి కూర్చోబెట్టి అడిగింది. పెళ్ళికొడుకు తండ్రికి పొడుం పిచ్చి, తల్లికి గురక, ఒక్కతే ఆడపడుచు. "ఆ ఆడపడుచెలాగుంటాదిరా?" అంటే అతను మా చేతులకి గాజులు ఎక్కిస్తూనే, "మా నలుపండి బాబూ! పళ్ళు మాత్రం ముచ్చాలండి. పెళ్ళయిపోనాదండి సిన్నప్పుడే" అన్నాడు. దొడ్డ పొడుం మీదా గురక మీదా పాటలు కట్టుకుంది. నేను ఆ నలుపూ ఆ పళ్ళూ నా దగ్గర అట్టే పెట్టుకున్నాను. ఆ రోజునుంచీ విస్తరి కుడుతున్నా, జడ వేయించుకుంటున్నా నోట్లో అవే మెదిలేవి. మొదటి రెండు పాదాలూ ఇట్టే వచ్చాయి. తరవాతి రెండూ అడ్డాకుల మోపు దించుకుంటూండగా తట్టాయి. "కొండ దిగి సంతకొస్తే, మోపేదమ్మా? అడ్డాకులు బేరమాడి పంపండమ్మా!" నా అంత తెలివైనది నర్సీపట్నంలో లేదనుకున్నాను.

మగపెళ్ళివారు ఎడ్లబళ్ళ మీద వచ్చి విడిదిలో దిగారు. నేను వెళ్ళి ఆడపడుచుని చూసి వచ్చాను. పేరు కామేశ్వరి. పదహారేళ్ళుంటాయి. గాజులతను చెప్పింది అబద్ధం కాదు. కాని మంచి కనుముక్కు తీరు, నిదానమైన చూపు. నన్ను చూడగానే పళ్ళన్నీ కనపడేలా నవ్వి, "నువ్వేనా పెళ్ళికూతురి చెల్లెలివి? నాకు మరదలివి కదూ! రా, నా పక్కన కూర్చో" అని తన జడలోని చేమంతి తీసి నా తలలో పెట్టింది. మెడలో పుస్తెలున్నాయి, కాళ్ళకి మెట్టెలున్నాయి. నేను చూసుకోవలసింది చూసుకుని పరుగెత్తుకు వచ్చాను. చేమంతి పువ్వు కూడా నా తలలోనే ఉంది.

మూడో రోజుకి దొడ్డకి జ్వరం తగిలి గొంతు పూర్తిగా పోయింది. మిరియాల కషాయం తాగి, మెడకి గుడ్డ చుట్టుకుని కొట్టుగదిలో పడుకుంది. మధ్యాహ్నం వియ్యాలవారి విందు. పాడే దిక్కు లేకపోతే పరువు పోతుందని ఇంటిల్లిపాదీ హడావుడి. నేను వెళ్ళి దొడ్డ చెవిలో, "నేను పాడతాను" అన్నాను. "ఎవరి మీద కట్టేవే?" అంది బొంగురుగా. "ఆడపడుచు మీద." "వరసే. పెళ్ళయిందా?" "అయింది. పుస్తెలు చూశాను." "అయితే పాడీ. బేగి వెళ్ళు, విస్తళ్ళు వేసీసేరు" అంది. ఆ రోజుల్లో పిల్లలకి ఎనిమిదేళ్ళకీ తొమ్మిదేళ్ళకీ పుస్తెలు కట్టేసేవారు. పెళ్ళి వేరు, కాపురం వేరు. అది మా ఇద్దరికీ తెలుసు. మా వరాలక్క కూడా పెళ్ళయ్యాక ఇంకా రెండేళ్ళు మా ఇంట్లోనే ఉంటుందని తెలుసు. అయినా ఆవిడ అడగవలసింది అడగలేదు, నేను చెప్పవలసింది చెప్పలేదు. దొడ్డకి ఒళ్ళు తెలియని జ్వరం. నాకే జ్వరమూ లేదు.

పందిట్లో మగవాళ్ళ బంతి, వసారాలో ఆడవాళ్ళ బంతి. మధ్య గుమ్మంలో నేను నిలబడ్డాను. అక్కడినుంచి పాడితే రెండువైపులా వినపడుతుంది, నాకు రెండువైపులా కనపడుతుంది. మొదట దొడ్డ కట్టిన పొడుం పాట పాడాను. పెద్దవాళ్ళు నవ్వారు. అప్పుడు నాది ఎత్తుకున్నాను. "పళ్ళొచ్చాయే పందిట్లోకి, పిల్లేదమ్మా?" రెండో పాదానికి మగవాళ్ళ బంతిలో ఒకతను ఫక్కున నవ్వాడు. అందరికంటే ముందు నవ్వింది అతనే. ఇరవై ఏళ్ళ కుర్రవాడు, పచ్చగా ఉన్నాడు, కాలేజీ క్రాఫు, పక్కన అలాంటివాళ్ళే ఇద్దరు స్నేహితులు. అంత దొరబిడ్డలా ఉన్న మనిషి నా పాటకి నవ్వేసరికి నాకు ఆకాశం అందింది. అతని కోసం ఆ రెండు పాదాలూ మళ్ళీ పాడాను. ఈసారి చేతిలో లేని దీపం పట్టుకుని వెతుకుతున్నట్టు నటించాను. తరవాత అడ్డాకులామె లాగా నడుం మీద చెయ్యి వేసి, మోపు దించి, సాగదీసి మిగిలిన రెండు పాదాలూ పాడాను. పందిరంతా గొల్లుమంది. వడ్డనవాళ్ళు గరిటెలు పట్టుకుని నిలబడిపోయారు. మా నాన్నగారు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు, అదీ నవ్వు ఆపుకోవడానికే. వసారా వైపు తిరిగి చూస్తే కామేశ్వరి తల విస్తరిలోకి వంచుకుని ఉంది. ఎడమ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అది మొదలు ఆ చెయ్యి అడ్డం లేకుండా ఆమె నవ్వగా నేను చూడలేదు.

ఆ పొగరుతోనే నీళ్ళ కోసం పెరట్లోకి పరుగెత్తాను. అక్కడ అడ్డాకులామె కొత్త మోపు దించి, గోడవారగా కూర్చుని ఉంది. పాటంతా వినే ఉంటుంది. పందిట్లోంచి పెరటి దాకా పెద్ద దూరం లేదు. నన్ను చూసి లేచి నిలబడి, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "అమ్మాయిగోరూ, నానున్నట్టుంటే నవ్వొస్తాదేటి?" నేను నీళ్ళు ముంచుకుంటున్నాను. ఆమె మళ్ళీ, "ఆ సిన్నమ్మగోరిని పొద్దున సూసినాను. మా గూడెంలో అయితే అలాటి పిల్లకోసరం నలుగురు అడగొత్తారు. ఏటి తప్పొచ్చినాదని నవ్వినారు?" అంది. నేను ఆమెని చూసి కూడా నవ్వాను. ఆమె 'ఏటి' అన్న తీరు తరవాత చెప్పి నవ్వించడానికి బాగుంటుందని కూడా అనుకున్నాను. ఆ మోపే ఆఖరిది. తరవాత ఆమె వేరే వీధుల్లో వేసిందే తప్ప మా గుమ్మం ఎక్కలేదు. దానికి పొగరెక్కిందని ఇంట్లో కొన్నాళ్ళు విసుక్కున్నారు.

ఆ సాయంత్రం పెళ్ళికొడుకు తల్లి ఒక్కర్తీ మా వంటింటి గుమ్మంలోకి వచ్చి మా అమ్మని పిలిచింది. నేను తలుపు చాటున ఉన్నాను. "పాటకి కోపం తెచ్చుకోకూడదని నాకు తెలుసమ్మా. మేమూ ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసినవాళ్ళమే, మేమూ పాడినవాళ్ళమే. కాని నా పిల్ల కాపరానికి వెళ్ళలేదమ్మా. మూడేళ్ళయింది పెద్దదయి. నల్లగా ఉందని అల్లుడు ముహూర్తం పెట్టుకోనివ్వడం లేదు. ఈ పెళ్ళికి కాళ్ళావేళ్ళా పడి తండ్రినీ కొడుకునీ రప్పించుకున్నాం. పిల్లని నాలుగు రోజులు కళ్ళెదుట చూస్తే మనసు మారుతుందేమోనని ఆశ. పొద్దున్న అల్లుడు దాన్ని మంచినీళ్ళడిగి పుచ్చుకున్నాడు. రేపు వియ్యంకుడిగారితో మాట కదుపుదామనుకున్నాం. ఇప్పుడు ఏ మొహంతో అడగను?" అని చెంగు నోట్లో కుక్కుకుంది. మా అమ్మ, "అల్లుడుగారు ఏరండీ? ఎవరు?" అంది. "ఆ పచ్చని అబ్బాయేనమ్మా, క్రాఫు. స్నేహితులతో వచ్చాడు చూడు" అంది ఆవిడ.

మర్నాడు పొద్దున్నే అల్లుడు స్నేహితులతో కలిసి బండెక్కేశాడు. పరీక్షలున్నాయన్నారు. బండి ఎక్కేటప్పుడు స్నేహితుల్లో ఒకడు అతని భుజం మీద చరిచి, నా పాట మొదటి పాదం ఈల వేశాడు. అది నేను విన్నాను. దొడ్డ గొంతు రాకుండానే లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని కుదిపింది, ఆ తరవాత తన నోటిమీద తనే కొట్టుకుంది. ఆవిడ మరి ఏ పెళ్ళిలోనూ పాడలేదు. నాన్నగారు నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నాలుగు నెలలకి అల్లుడి తండ్రి దగ్గర్నుంచి యలమంచిలికి ఉత్తరం వచ్చిందట, నలుగురూ నవ్విన పిల్లతో మావాడు తలెత్తుకు తిరగలేనంటున్నాడు, క్షమించమని. ఆ ఏడాదే అతనికి మరో పెళ్ళి చేశారు. ఆ రోజుల్లో దానికి అడ్డు చెప్పే చట్టమూ లేదు, మనిషీ లేడు.

అక్క కాపురానికి వెళ్ళిన ఇంట్లోనే కామేశ్వరి వదిన జీవితమంతా ఉండిపోయింది. అక్క పురుళ్ళన్నీ ఆమే పోసింది. పిల్లలకి తలంట్లు, జ్వరాలకి కాపలాలు, ఆవకాయలు, అప్పడాలు అన్నీ ఆమె చేతిమీదే. రోజూ పొద్దున్నే స్నానం చేసి, పసుపు రాసుకుని, రూపాయి కాసంత బొట్టు పెట్టుకునేది. ఎవరి కోసమని ఎవరూ అడిగేవారు కాదు. అక్కకి కోపం వచ్చినప్పుడు నామీద విరుచుకుపడేది. "నీకేం, పాట పాడీసి నీ దారిన నువ్వు పోయేవు. ఈవిడ ఏడవకుండా కూర్చుంటుంది చూడు, అది నేను చూడాలి రోజూ" అనేది. వదిన మాత్రం నేను ఎప్పుడు వెళ్ళినా పక్కన కూర్చోబెట్టుకుని, నా కథలు చదివించుకుని వినేది. క్షమించమని అడగాలని ఎన్నిసార్లు నోరు తెరిచానో. "ఆకలేస్తోందా?" అని లేచి వెళ్ళిపోయేది. ఇంతలో ఆ పాట ఒక పెళ్ళినుంచి ఒక పెళ్ళికి పాకింది. అక్క రెండో కూతురి పెళ్ళిలో అవతలివారు, పాపం ఏమీ తెలియనివారు, అదే పాట ఎత్తుకున్నారు. మేమంతా వదిన వైపు చూశాం. వదిన ఒళ్ళో ఉన్న పసివాడి చేత ఆ పాటకే చప్పట్లు కొట్టించింది. పెళ్ళి చెడకూడదు కదా.

ఇప్పుడు మా మనవలు సినిమా చూసి వచ్చి నల్లటి అమ్మాయిల మీదా, లావుపాటి ఆడవాళ్ళ మీదా, యాస మాట్లాడేవాళ్ళ మీదా హాస్యాలు చెప్పుకుంటారు. తప్పురా అంటే "సరదాకి మామ్మా" అంటారు. ఇంకొంతమంది, అసలు ఎవరి మీదా ఎవరూ నవ్వకూడదంటారు. నాకు రెండూ సయించవు. మీసాలాయన పొట్ట పట్టుకుని నవ్విన నవ్వు నేను చూశాను. అలా నవ్వుకునే భాగ్యం ఆడవాళ్ళకి ఆ అయిదు రోజులూ ఉంటే పోనీ అని ఇప్పటికీ అనిపిస్తుంది. కాని ఆయన లేచి చెయ్యి కడుక్కుని వెళ్ళి తన కుర్చీలో తను కూర్చున్నాడు. కామేశ్వరి వదిన ఎక్కడికి వెళుతుంది? అడ్డాకులామె ఏ వరసన నాకు జవాబు పాడుతుంది? దొడ్డ నియమాల్లో కూడా ఆమెకి చోటు లేదు, ఆమెని అనకూడదని ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. అప్పట్లో మనసులు పెద్దవని కదా ఆ టేప్ రికార్డరు అమ్మాయి అంది. అప్పట్లో నొచ్చుకునేవాళ్ళకి నోరుండేది కాదు, అంతే.

చాలా ఏళ్ళ తరవాత, వదినకి అరవై దగ్గరపడ్డాక, ఒక ఉత్తరం ముక్క వచ్చింది. ఆమెని వదిలేసిన ఆయన పోయారని. ఎవరో దూరపు బంధువు మర్యాదకి రాశారు, అదీ ఆయన పోయిన వారం రోజులకి. ఇంట్లో పిల్లలంతా "ఏం సంబంధం ఉందని అత్తయ్యా, నువ్వేం చెయ్యక్కర్లేదు" అన్నారట. ఆమె ఎవరి మాటా వినలేదు. నూతి దగ్గర స్నానం చేసి వచ్చి, బొట్టు చెరుపుకుని, గాజులు తనే తీసి పక్కన పెట్టుకుంది. అక్క కబురు పెడితే నేను బస్సెక్కి వెళ్ళాను. వదిన పెరటి అరుగుమీద చేటలో మినపపప్పు బాగుచేస్తూ కూర్చుని ఉంది. బోసి నుదురు. నల్లని నుదుటి మీద ఇన్నేళ్ళ బొట్టు ఉన్నచోట గుండ్రంగా, కాస్త చామనగా చర్మం కనపడుతోంది. నేను పక్కన కూర్చున్నాను. ఏడుపు నాకే వచ్చింది, ఆమెకి రాలేదు. ఈ రోజు కాళ్ళు పట్టుకునైనా అడగాలని, ఏం తిట్టినా పడాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను.

"సుభద్రా, ఒక్క మాట అడుగుతాను. నిజం చెప్పాలి" అంది ఆమె చేట పక్కన పెట్టి.

"అడుగు వదినా."

"ఆ వేళ నువ్వు గుమ్మంలో నిలబడ్డావు. నీకు రెండువైపులా కనపడుతుంది. నేను తలెత్తలేదు. ఆయన నవ్వేరా?"

నలభై ఏళ్ళు నేను తిట్ల కోసం ఎదురుచూశాను. ఆమె నలభై ఏళ్ళుగా దీన్ని అడగాలని చూస్తోందని నాకు తెలియదు.

"అందరూ నవ్వేరని తెలుసులే. పాటన్నాక నవ్వుతారు. అందరి సంగతీ నాకొద్దు. ఆయన సంగతే అడుగుతున్నాను" అంది.

"లేదు వదినా. ఆయన నవ్వలేదు. తల వంచుకుని భోజనం చేస్తున్నారు" అన్నాను.

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. "అనుకున్నాను. పొద్దున్న మంచినీళ్ళడిగినప్పుడు ఎంత మెత్తగా అడిగేరనీ! ఆయన మంచివారే. వాళ్ళ నాన్నగారే సాగనిచ్చి ఉండరు" అంది. నా చేతిమీద చెయ్యి వేసింది. "నువ్వేంటే అలా కుమిలిపోతావు? ఆయనే నవ్వనప్పుడు ఇంక నీ పాట చేసిందేముంది? చిన్నపిల్లవి, పాడేవు. నీ తప్పేం లేదు పిల్లా. నేనెప్పుడో అందామనుకున్నాను ఈ మాట. లే, కాళ్ళు కడుక్కుని రా, అన్నం పెడతాను" అంది.

నేను లేచి, నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని, ఆమె పెట్టిన అన్నం తిన్నాను.